మూత ఎత్తితే మూల విడిపోతోంది: ఈసారి మెటల్ బాడీ కొననా?

పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరమిది. వారంలో సగం రోజులు ఆఫీసులో, సగం ఇంట్లో పని చేస్తారు. ఆమె లాప్‌టాప్‌కు నాలుగో ఏడు నడుస్తోంది, బాడీ ప్లాస్టిక్‌ది. కొన్ని నెలలుగా మూత తెరుస్తుంటే ఎడమ హింజ్ (మూతను కింది బాడీకి కలిపే బందు) దగ్గర టక్కుమని శబ్దం వస్తోంది. ఇప్పుడు మూత ఎత్తినప్పుడల్లా ఆ మూలన అడుగు పలకకూ కీబోర్డు పలకకూ మధ్య గోరు దూరేంత సందు పడుతోంది, మూత దించగానే మూసుకుంటోంది. లోపల ఏదో చిన్న ముక్క గలగలమంటోంది. ఇవి తప్ప యంత్రానికి వేరే జబ్బు లేదు.

"ప్లాస్టిక్ కొంటే ఇంతే, ఈసారి మెటల్ తీసుకో" అంటున్నారు అన్నయ్య. "మెటల్‌ది మూల మీద పడిందంటే స్క్రీన్ పోయినట్టే, ప్లాస్టిక్కే మేలు" అంటున్నాడు మెకానిక్. ఆమె రోజూ కిక్కిరిసిన బస్సులో బ్యాక్‌ప్యాక్‌లో దీన్ని మోస్తారు. ఇంట్లో ఒళ్లో పెట్టుకుని పని చేస్తారు. అరచేతులకు చెమట ఎక్కువ. ఇన్నేళ్లలో లాప్‌టాప్ కింద పడింది ఒక్కసారే, అదీ సోఫా మీంచి. పాతదాన్ని చెల్లెలి చదువుకు ఇస్తానని మాట కూడా ఇచ్చేశారు. కొందామని చూసుకున్నవి రెండు: 1.2 కిలోల అల్యూమినియం మోడల్ ఒకటి, 'మిలిటరీ గ్రేడ్' అని రాసి ఉన్న 1.6 కిలోల ప్లాస్టిక్ మోడల్ ఇంకొకటి. "ఎవరి మాట విన్నా రెండోవాళ్లు తర్వాత దెప్పుతారు. ఏది ఎక్కువ కాలం మన్నుతుందో మీరే చెప్పండి" అని అడిగారు.

మీ అన్నయ్య చెప్పింది ఒక సగం, మెకానిక్ చెప్పింది ఇంకో సగం. రెండూ అబద్ధాలు కావు. వాటిని విడదీసే ముందు ఈ రోజే చూసుకోవాల్సిన పని ఒకటుంది: బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. లాప్‌టాప్ మూసి సమంగా ఉన్న బల్ల మీద పెట్టండి. నాలుగు కాళ్లూ ఆనకుండా ఊగుతోందా? టచ్‌ప్యాడ్ నొక్కితే బిగుసుకుపోయినట్టుందా, లేక చుట్టూ పలక కన్నా పైకి లేచిందా? మూత మూసి ఉన్నా అంచు సందు కనిపిస్తోందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఆపేసి ఛార్జర్ తీసేయండి, ఇక వాడకండి, మళ్లీ ఛార్జ్ పెట్టకండి. పైకి లేచిన చోట నొక్కి సరిచేయబోకండి. బ్యాటరీని తెలిసినవాళ్ల చేత తీయించండి. మూత దించగానే సందు మూసుకుంటోందని రాశారు కాబట్టి మీది హింజ్ జబ్బే అనిపిస్తోంది. అయినా చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇక హింజ్ సంగతి. లోపల ఉక్కు ఇరుసు ఉంటుంది. దాని మీద రాపిడి వాషర్లు గట్టిగా బిగించి ఉంటాయి. మూత ఏ కోణంలో వదిలితే ఆ కోణంలో నిలబడేది ఆ రాపిడి వల్లే. ఇరుసు నుంచి వచ్చే ఉక్కు పట్టీని రెండు నుంచి నాలుగు చిన్న స్క్రూలతో కింది బాడీకి బిగిస్తారు. ప్లాస్టిక్ బాడీల్లో ఆ స్క్రూలు తిన్నగా ప్లాస్టిక్‌లోకి దిగవు. కీబోర్డు పలక లోపలి వైపు చిన్న చిన్న ప్లాస్టిక్ గుబ్బలు పోసి, వాటిలోకి గరుకు గీతలున్న ఇత్తడి బుష్‌లను (స్క్రూ బిగిసే చిన్న గొట్టాలను) వేడి చేసి దించుతారు. స్క్రూ పట్టు ఇత్తడిలో, ఇత్తడి పట్టు ప్లాస్టిక్‌లో. మీరు మూత ఎత్తిన ప్రతిసారీ ఆ ఉక్కు పట్టీ గుబ్బలను పైకి పెకలించాలని చూస్తుంది. కొత్తలో రాపిడి సరిగ్గా ఉన్నంతకాలం గుబ్బలు తట్టుకుంటాయి. ఏళ్లు గడిచి గ్రీజు ఎండి, అరిగిన లోహపు పొడి చేరి ఇరుసు బిగుసుకునేసరికి బుష్ చుట్టూ సన్నని పగులు మొదలవుతుంది. మీకు వినిపించిన టక్కుమనే శబ్దం అదే. ఆఖరికి, చట్రం కర్ర పుచ్చితే తలుపు బందు మేకులతో సహా ఊడొచ్చినట్టు, స్క్రూ తన బుష్‌తో పాటే పైకి వచ్చేస్తుంది.

గలగలమంటున్నది బహుశా విరిగిన గుబ్బ ముక్క, లేదా ఊడిన బుష్. ప్లాస్టిక్ ముక్క అయితే ఫ్యానులో ఇరుక్కోవచ్చు. ఇత్తడి అయితే మదర్‌బోర్డు మీద పడి షార్ట్ చేయవచ్చు. అందుకని మెకానిక్ దగ్గరికి వెళ్లేదాకా దీన్ని బ్యాగులో వేసుకుని తిరగకండి. కదపకుండా ఒకచోటే ఉంచండి. తెరవక తప్పకపోతే ఎడమ చేత్తో కింది పలకను హింజ్ పక్కన అదిమి పట్టి, కుడి చేత్తో మూతను నడిమధ్యన పట్టుకుని ఎత్తండి. ఒక మూల పట్టి ఎత్తితే మెలిక మొత్తం హింజ్ మీద పడుతుంది. ఒక హింజ్ వదులైందంటే రెండోది రెట్టింపు భారం మోస్తోందన్న మాట. స్క్రీన్ కేబుల్ కూడా ఆ దారినే వెళ్తుంది. ఇలాగే నెలల తరబడి వాడితే గుబ్బ పగులు కాస్తా స్క్రీన్ చుట్టూ ఉన్న చట్రం పగులు దాకా, కేబుల్ తెగడం దాకా వెళ్తుంది.

ఇంతకీ విరిగింది ఉక్కునూ ప్లాస్టిక్‌నూ కలిపిన అతుకు. ఇది పట్టుకుంటే మీ ఇంట్లో వాదన చాలావరకు సర్దుకుంటుంది. ప్లాస్టిక్ బాడీల్లోనే కొన్నింటిలో హింజ్ పట్టీని లోపలి మెగ్నీషియం చట్రానికి బిగిస్తారు. పై తొడుగు ఎంత మామూలుగా కనిపించినా అవి ఏళ్ల తరబడి చలించవు. అటువైపు, 'మెటల్ బాడీ' అని అమ్మేవాటిలో చాలా వాటికి మెటల్ ఉండేది మూత వెనక మాత్రమే. రిపేరు చేసేవాళ్లు బాడీని నాలుగు ముక్కలుగా చెప్పుకుంటారు: మూత వెనక పలక 'ఎ', స్క్రీన్ చుట్టూ చట్రం 'బి', కీబోర్డు పలక 'సి', అడుగు పలక 'డి'. మీ లాప్‌టాప్‌లో చితికింది చాలావరకు 'సి'. కొత్తదాని 'ఎ' అల్యూమినియం, 'సి' వెండి రంగు పూసిన ప్లాస్టిక్ అయితే మీ అన్నయ్య మాట విని కూడా ఇదే జబ్బును మళ్లీ కొనుక్కున్నట్టే. 'సి' కూడా అల్యూమినియమే అయినా పలుచని రేకు లోపల ప్లాస్టిక్ అస్తరు వేసి బుష్‌లను అందులో కూర్చిన మోడళ్లున్నాయి. ఇది బయటికి కనిపించదు. ఆ మోడల్‌ను విప్పి చూపించే వీడియోలో గానీ, కంపెనీ విడుదల చేసిన సర్వీస్ మాన్యువల్‌లో గానీ హింజ్ స్క్రూలు దేనిలోకి దిగుతున్నాయో చూడాలి.

కొనేచోట అయస్కాంతం పెట్టి చూడాలనుకోకండి, అల్యూమినియం మెగ్నీషియం రెండూ అంటుకోవు. ఆపేసి ఉన్న లాప్‌టాప్‌ను ఒక్కో పలక మీద అరచెయ్యి పెట్టి చూడండి. మెటల్ చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అలా తగలదు. మెగ్నీషియం పలకలకు మాత్రం సాధారణంగా రంగు పూస్తారు కాబట్టి చూపుకు ప్లాస్టిక్‌లాగే ఉంటాయి.

ఇప్పుడు పదార్థాల మాట. ఒత్తితే వంగకుండా నిలిచే గుణంలో అల్యూమినియం అంకె సుమారు 70 గిగాపాస్కల్స్, మెగ్నీషియం మిశ్రమాలది 45 ప్రాంతం, లాప్‌టాప్‌లకు వాడే పాలికార్బొనేట్-ఏబీఎస్ ప్లాస్టిక్‌ది రెండున్నర ప్రాంతం. గాజు పీచు కలిపితే ప్లాస్టిక్ అంకె కొన్ని రెట్లు పెరుగుతుంది గానీ అల్యూమినియాన్ని అందుకోదు. పలక మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బలం ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి, 1 మి.మీ. అల్యూమినియం రేకుతో సమానంగా నిలవాలంటే ప్లాస్టిక్ 3 మి.మీ. మందం కావాలి. నీటితో పోలిస్తే అల్యూమినియం సాంద్రత 2.7 రెట్లు, ఈ ప్లాస్టిక్‌ది 1.15 దరిదాపుల్లో. లెక్క కడితే సమాన బలానికి ప్లాస్టిక్ పలకే బరువు తూగుతుంది. అందుకే ప్లాస్టిక్ బాడీల లోపల అడ్డంగా నిలువుగా పక్కటెముకల్లాంటి కమ్మీలు పోస్తారు, అందుకే అవి కాస్త లావుగా ఉంటాయి. సన్నగా ఉండి కూడా చవకరకం ప్లాస్టిక్‌తో చేసినదాన్ని మాత్రం అనుమానించాల్సిందే. సన్నదనం కావాలి, మెటల్ వద్దు అన్న చోట ఎక్కడో కోత పడి ఉంటుంది.

మీ బస్సు ప్రయాణానికి ఈ లెక్క నేరుగా వర్తిస్తుంది. జనం వీపు మీద ఒరిగినప్పుడు మూత వంగితే ఆ ఒత్తిడి స్క్రీన్ గాజు మీదికి వెళ్తుంది. మెటల్ మూత తక్కువ వంగుతుంది. దుకాణంలో స్క్రీన్ వెలిగి ఉండగా మూత వెనక నడిమధ్యన రెండు వేళ్లతో మెల్లగా అదిమి చూడండి. తెర మీద నీటి వలయాల్లా మచ్చలు కదిలితే ఆ మూత వీపు ఒత్తిడికి పనికిరాదు. అయితే బ్యాగులో ఛార్జర్ ఇటుకను లాప్‌టాప్ మూతకు ఆనించి పెట్టే అలవాటుంటే మెటలైనా కాపాడదు. ఒకే బిందువు మీద పడే ఒత్తిడికి సన్నని రేకు కూడా లొంగుతుంది. కెమెరా మీద అతికించే చిన్న ప్లాస్టిక్ మూతలు కూడా వద్దు. సన్నని మోడళ్లలో మూత మూశాక స్క్రీన్‌కూ కీబోర్డు పలకకూ మధ్య దానికి చోటుండదు, గాజు అక్కడే చిట్లుతుంది.

కింద పడటం దగ్గరికి వస్తే మీ మెకానిక్ మాటకు బలముంది. ప్లాస్టిక్ వంగి, దెబ్బలో కొంత మింగి, తిరిగి తన ఆకారానికి వస్తుంది. తట్టుకోలేకపోతే క్లిప్పు విరుగుతుంది, మూల పగులుతుంది. అల్యూమినియం ఒక హద్దు దాటితే సొట్ట పడి అలాగే ఉండిపోతుంది. మూత మూలన పడిన సొట్ట లోపలికి పొడుచుకొస్తే అక్కడున్న స్క్రీన్ గాజుకు ఇక చోటు మిగలదు. పడినప్పుడు పగలకపోయినా తర్వాత మూత మూసినప్పుడో బ్యాగులో నొక్కుకున్నప్పుడో పగలవచ్చు. సొట్టను కొట్టి లేపబోతే అల్యూమినియం గట్టిపడి చిట్లవచ్చు, పైన ఉన్న ఆనోడైజ్ పొర (అల్యూమినియం మీద కట్టించే గట్టి రక్షణ పొర) కూడా పగలవచ్చు. అడుగు పలకలో బ్యాటరీ ఉన్న చోట సొట్ట పడితే దాన్ని అందం సంగతిగా తీసుకోవద్దు. వెంటనే విప్పించి బ్యాటరీకి తగిలిందేమో చూడాలి. మందపాటి దిమ్మెను తొలిచి చేసిన బాడీ వేరు, పలుచని రేకును అచ్చు వేసి చేసినది వేరు. మొదటిదాని మూలలు చాలా గట్టివి. కాబట్టి 'స్క్రీన్ పోయినట్టే' అనడం కాస్త ఎక్కువ. మెకానిక్ దగ్గరికి వచ్చేవి విరిగినవే కదా, పడి కూడా బాగున్నవి ఆయన కంట పడవు.

ప్లాస్టిక్ ఎప్పటికీ ఒకేలా వంగుతుందనీ అనుకోవద్దు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారడం, ఎండ, తగని ద్రవాలతో తుడవడం దాన్ని పెళుసు చేస్తాయి. మూడో ఏట ఊరికే వంగి ఊరుకున్న మూల ఆరో ఏట పుటుక్కుమంటుంది. నెయిల్ పాలిష్ తీసే ద్రవం, థిన్నర్ ఈ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి, వాటి జోలికే పోవద్దు.

అరచేతి చెమట ఉప్పదనం ఆనోడైజ్ పొర అరిగిన చోట అల్యూమినియాన్ని తినేస్తుంది. కీబోర్డు పలక ముందు అంచున, మణికట్టు ఆనే చోట, చిన్న చిన్న తెల్లని గుంటలు పడతాయి. బలం తగ్గదు గానీ చూడటానికి బాగుండదు, అంచు గరుకుగా తగులుతుంది. పని అయ్యాక కాస్త తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెడితే చాలావరకు ఆగుతుంది. ప్లాస్టిక్‌కు ఈ గొడవ లేదు, నున్నగా మెరిసి పాతబడినట్టు కనిపిస్తుంది, అంతే. మెత్తని రబ్బరు పూత ఉన్న ప్లాస్టిక్ మాత్రం మీకు వద్దు. చెమటకూ గాలిలో తేమకూ కొన్నేళ్లలో ఆ పూత జిగురులా చేతికంటుకుంటుంది, దాన్ని మళ్లీ పూర్వంలా చేయడం కుదరదు.

ఒళ్లో పెట్టుకున్నప్పుడు మెటల్ ఎక్కువ వేడిగా తోస్తుంది. వేడిని ప్లాస్టిక్ కన్నా చాలా త్వరగా చర్మానికి అందిస్తుంది మరి. చేతికి తగిలే భాగాల ఉష్ణోగ్రతకు భద్రతా ప్రమాణాలు మెటల్‌కు తక్కువ హద్దు పెట్టింది ఇందుకే. ప్లాస్టిక్ తొడకు హాయిగా ఉంటుంది గానీ దాని వేడంతా గాలి రంధ్రాల గుండానే పోవాలి, దుప్పటి అడ్డం పడితే లోపల ఉడుకుతుంది. ఏది కొన్నా ఒళ్లో ఒక చెక్క పలక వేసుకోండి. మెటల్‌ది ఛార్జింగ్‌లో ఉండగా చేతికి సన్నగా జివ్వుమంటే భయపడకండి. ఎర్త్ లేని రెండు పిన్నుల ఛార్జర్ల నుంచి అతి స్వల్పంగా లీకయ్యే కరెంటు అది. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ ఆ ఛార్జర్‌కు దొరికితే, గోడ సాకెట్‌కు కూడా ఎర్త్ సరిగా ఉంటే ఆగిపోతుంది. జివ్వుమనడం దాటి గట్టిగా కొడితే మాత్రం ఆ ఛార్జర్ వాడకండి.

'మిలిటరీ గ్రేడ్' గురించి నాలుగు మాటలు. అది అమెరికా సైన్యం పరీక్షా పద్ధతుల పుస్తకం మిల్-ఎస్‌టీడీ-810 పేరు చెప్పుకోవడం. అందులో పడవేసే పరీక్షకు మామూలుగా తీసుకునే ఎత్తు 122 సెం.మీ. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు కలిపి 26 సార్లు, కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్ పైన పడేస్తారు. ఆ 26 దెబ్బలను ఐదు యంత్రాల దాకా పంచుకోవచ్చు. ఏయే పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, పాసైందని ముద్ర వేసే అధికార సంస్థంటూ లేదు. ఏ పరీక్షలు, ఎంత ఎత్తు అన్నది కంపెనీ రాసి ఇస్తే దానికి విలువుంది. ఊరికే బొమ్మ అతికించి వదిలేస్తే లేదు.

పాతదానికి మీ ముందున్న దారుల్లో మొదటిది 'సి' పలకా, ఎడమ హింజూ మార్పించడం. అన్నిటికన్నా గట్టి పని ఇదే. కాని కీబోర్డును చాలా మోడళ్లలో 'సి' పలకకు ప్లాస్టిక్ కరిగించి అతికేస్తారు కాబట్టి అదీ కలిపి మార్చాలి. మొత్తం విప్పి మళ్లీ కూర్చే పని, ఖర్చూ అందుకు తగ్గట్టే. రెండోది ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురుతో) గుబ్బలు తిరిగి కట్టించడం. చెల్లెలు బల్ల మీద పెట్టి వాడుకునేటట్టయితే ఇది చాలు, సరిగా చేస్తేనే. బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. గలగలమనే ముక్కలన్నీ ఏరాలి. అతుకు పడే చోట 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. బుష్‌లో స్క్రూ బిగించి, జిగురు అంటకుండా స్క్రూ మరలకు మైనం రాసి, నిటారుగా నిలిపి, చుట్టూ రెండు భాగాల ఎపాక్సీ నింపాలి. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, నెమ్మదిగా గట్టిపడేది ఎక్కువ పట్టు ఇస్తుంది. 24 గంటలు ముట్టుకోకూడదు. ఎపాక్సీ దిబ్బ ఎత్తుగా పెరిగితే అడుగు పలక కూర్చోదు, ఆ సంగతి ముందే కొలుచుకోవాలి. చుక్క వేస్తే క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ ఇక్కడ పనికిరాదు, పెళుసుగా అతికి త్వరలోనే విడిపోతుంది.

దీనికన్నా ముఖ్యమైనదీ, తరచూ వదిలేసేదీ ఒకటుంది: బిగుసుకున్న హింజ్‌ను వదులు చేయడం. ఇరుసు చివర నట్టు ఉంటే పావు చుట్టు చొప్పున తిప్పుతూ, మూత తనంతట తాను వాలకుండా, ఒక వేలితో లేచేలా రెండు వైపులా సమానంగా సర్దాలి. నట్టు లేకుండా రివిట్ కొట్టి ఉంటే హింజ్ మార్చాల్సిందే. ఇది చేయకుండా జిగురు ఒక్కటే వేస్తే ఎపాక్సీ నిలుస్తుంది, దాని పక్కనున్న ప్లాస్టిక్ విరుగుతుంది. రిపేరే వద్దనుకుంటే మూడో దారి ఉంది: మూతను ఒక కోణంలో తెరిచే ఉంచి ఇంట్లో బల్ల మీద వదిలేయడం, లేదా మానిటర్ తగిలించి వాడటం. చెల్లెలు కాలేజీకి మోసుకెళ్లాలనుకుంటే ఇది కుదరదు. ఆ గలగలమనే ముక్కను మాత్రం ఈ దారిలోనూ తీయించక తప్పదు.

కొత్తదాని విషయంలో మీ వాడకం చూస్తే దెబ్బలు పడేది బస్సులో ఒత్తిడి వల్లా, మూత తెరిచి మూయడం వల్లా. కింద పడటం మీకు అరుదు. అందుకని 'సి' పలక నిజంగా మెటల్ అయి, హింజ్ స్క్రూలు మెటల్‌లోకే దిగుతుంటే నా మొగ్గు 1.2 కిలోల దాని వైపే. దానితో చెమట తుడుచుకునే పని, ఒళ్లో పలక, మూలల దగ్గర మందపాటి నురుగున్న సంచి మీ నెత్తిన పడతాయి. పైన బిగించే గట్టి ప్లాస్టిక్ తొడుగులు వద్దు, మూతకు బరువు పెరిగి ఆ భారం హింజ్ మోయాలి. ఆ మోడల్‌లో మెటల్ మూత వెనక మాత్రమే అని తేలితే, రెండోదాని హింజ్ లోపలి లోహపు చట్రానికి బిగించి ఉంటే, 1.6 కిలోల ప్లాస్టిక్కే ఎక్కువ ఏళ్లు వస్తుంది. భుజానికి 400 గ్రాముల అదనపు బరువు రోజూ తెలుస్తుంది, అది మీరే తూచుకోవాలి. రెండింటి లోపలి సంగతీ తెలియకపోతే కొనడం ఒక వారం ఆపండి.

అన్నయ్యతో వాదించకండి, ఆ రెండు మోడళ్లనూ విప్పిన వీడియోలు వెతికే పని ఆయనకే అప్పగించండి. మెకానిక్‌ను మీ లాప్‌టాప్ విప్పాక ఏ గుబ్బ విరిగిందో మీ కళ్ల ముందు చూపించమనండి. ఇచ్చే ముందు ఫైళ్లన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి మూతను పదిసార్లు తెరిచి మూసి, ఎడమ మూల వైపే చూడండి. కాగితం దూరేంత సందు కనిపించినా అక్కడికక్కడే మళ్లీ విప్పించండి.